నల్లగా వచ్చిన వంతెన

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఈ సంగతి ఎవరూ అడగకముందే చెప్పే అలవాటు నాకు ఇంకా పోలేదు. బస్సులో పక్కన కూర్చున్న ఆమెకు చెప్తాను. ఒకసారి గ్యాస్ బండ తెచ్చినతనికి కూడా చెప్పాను. "మంచిదక్కా, ఓటీపీ చెప్పు" అన్నాడు.

మా బాపు సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. అమ్మ బీడీలు చుడుతుంది. నాకంటే ముందు మా ఇంట్లో హాల్‌టికెట్ ఎలా ఉంటుందో చూసినవాళ్లు లేరు. అందుకే పాసైన రోజు ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. పరుగెత్తుకుంటూ వెళ్లి ఒక తలుపు తెరిచాను. తెరవకూడని తలుపు. దాని గురించి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. డిగ్రీ గురించి మాత్రం అందరికీ చెప్పాను.

మా గల్లీ చివర ఒక ఫోటో స్టూడియో ఉంది. దాన్ని నడిపే పెద్దాయనను గల్లీ అంతా చాచా అంటుంది, నేనూ అదే అంటాను. పదో తరగతి నుంచి నేను పెట్టిన ప్రతి దరఖాస్తు మీద ఉన్న ఫోటో ఆయన తీసిందే. స్టూలు మీద కూర్చోబెట్టి, "గదుమ కిందికి బిడ్డా. ఇంకొంచెం. అరె, గంత కిందికి గాదు, పెండ్లిపీటల మీద కూసున్నవా ఏంది?" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది. నవ్విన ఫోటో పనికిరాదని మళ్లీ తీసేవాడు. ఒక దరఖాస్తు కోసం ఆరుసార్లు తీశాడు. ఆరోసారి ఆయనే నవ్వాడు.

స్టూడియోలో ఇప్పుడంతా కంప్యూటరే. కానీ వెనకాల ఒక చిన్న గది ఉండేది, పాతకాలంలో రీళ్లు కడిగిన గది. కిటికీకి రేకు కొట్టి, సందుల్లో నల్లరంగు పూసి, మధ్యాహ్నం కూడా లోపల మన చేయి మనకు కనబడకుండా చేశాడు. తలుపుకు లోపలి గడియ ఎప్పుడో విరిగింది. కొత్తది వేయించమని చాచీ, అంటే ఆయన భార్య, ఎన్నిసార్లు చెప్పినా వేయించలేదు. దాని బదులు ఆయనకొక పద్ధతి ఉండేది. లోపల రీలు పని పెట్టుకుంటే చెప్పులు విడిచి గడపకు అడ్డంగా పెట్టి, ఉత్తకాళ్లతో లోపలికి వెళ్లేవాడు. చీకట్లో ఏది ఎక్కడుందో కాళ్లకే ముందు తెలుస్తుందనేవాడు. చెప్పులు గడపకు అడ్డంగా ఉన్నాయంటే ఆ తలుపును ఎవరూ ముట్టకూడదు. కడగని రీలుకు కాస్త వెలుగు తగిలినా మొత్తం నల్లబడిపోతుంది. చాచీ చాయ్ తెచ్చినా గ్లాసు బయటే పెట్టి, మూత పెట్టి వెళ్లిపోయేది. గల్లీలో కొత్తగా అద్దెకు దిగిన వాళ్ల పిల్లలకు ఈ సంగతి చెప్పే పని నాది. "చెప్పులు దాటినవంటే చాచా కండ్లల్ల మందు పోస్తడు" అని భయపెట్టేదాన్ని.

మా ఊరి అంచున వాగు మీద పాత రాతి వంతెన ఒకటి ఉండేది. నిజాం కాలంలో కట్టింది అనేవాళ్లు. పదకొండు కమానులు. పక్కన కొత్త వంతెన లేచాక దాని మీద బండ్లు ఆపేశారు. పొద్దున నడవడానికి వచ్చేవాళ్లూ, సాయంత్రం ఫోన్లు పట్టుకుని వచ్చే మాలాంటివాళ్లూ మిగిలాం. తర్వాత దాన్ని తీసేస్తారని తెలిసింది. నేను డిగ్రీ ఆఖరు పరీక్షలు రాస్తున్న ఎండాకాలం అది.

చాచా పెళ్లిజంటలను ఫోటోలకు ఎప్పుడూ ఆ వంతెన దగ్గరికే తీసుకెళ్లేవాడు. మా ఊళ్లో ఏ ఇంటి ఆల్బం తెరిచినా వధూవరుల వెనక ఆ కమానులు ఉంటాయి. మా అమ్మా బాపుల ఫోటోలోనూ ఉన్నాయి.

"ఇన్నేండ్లు దాన్ని మంది ఎనుకనే నిలవెట్టిన బిడ్డా" అన్నాడు ఒకరోజు, కంప్యూటర్‌లో ఎవరిదో చొక్కా రంగు మారుస్తూ. "మసకమసకగ నిలవడ్డది. ఒక్కనాడన్న గట్లెందుకు అని అడగలే. పోయే ముంగట దానికొక ఫోటో దియ్యాలె. దానికొక్కదానికే."

"నా ఫోన్ల తీద్దాం చాచా. కెమెరా మంచిగుంటది."

"నీ ఫోన్ల ఏది తీసినా మూలకు నీ మొఖం ఉంటది. నేను జూడలేదా?"

లోపలి నుంచి చాచీ అందుకుంది. "నీ మొఖమన్న ఉంటది బిడ్డా. ఈయనకు నాది తీసుడే గాదు. మా పెండ్లి ఫోటోల గూడ నేను సగమే ఉన్న."

"నేను టైమర్ వెట్టి ఉరికొచ్చేసరికి నువ్వు కదిలినవ్, నేనేం జెయ్యాలె" అన్నాడు చాచా.

ఆయనకు నలుపు తెలుపులోనే కావాలి. రాయికి రంగు అక్కర్లేదు, నీడ కావాలి అన్నాడు. ఆయన దగ్గర పాత పెట్టె కెమెరా ఉంది. ముందర రెండు అద్దాలు, పైన మూత తెరిచి తల వంచి చూడాలి. ఒక రీలుకు పన్నెండు ఫోటోలు వస్తాయి. కెమెరా ఉంది కానీ రీలు లేదు. ఆన్‌లైన్‌లో వెతికాను. వచ్చేసరికి పదిరోజులు అని చూపించింది. వంతెనకు అన్ని రోజులు ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు.

రీలు నాకు జగిత్యాలలో దొరికింది. నేను చదివింది అక్కడే, హాస్టల్‌లో ఉండి. ఆఖరు పరీక్ష రాసి బస్టాండుకు వస్తుంటే, మూతపడబోతున్న ఒక పాత స్టూడియోలో సామాన్లు సర్దుతున్నారు. అడిగితే అక్కడి ముసలాయన సొరుగంతా వెతికి ఒక్క రీలు ఇచ్చాడు. డేటు దాటి ఎన్నో ఏళ్లయింది. "వస్తదో రాదో చెప్పలేను బిడ్డా, తీసుకపో" అన్నాడు. దాన్ని బస్సులో ఎండ తగలకుండా ఒడిలో దుపట్టా కింద పెట్టుకుని తెచ్చాను. చాచా డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాడు.

"పాలగిన్నె పక్కకు గిదేంది? తాగేదా, తినేదా?" అంది చాచీ.

"ముడితె చెయ్యి ఇరుగుతది" అన్నాడు చాచా.

ఫోటోలు తీసిన రోజు నేనూ వెళ్లాను. స్టాండు మోసే పని నాది. వాగు ఎండిపోయి ఉంది. సర్కారు తుమ్మల మధ్య దారి చేసుకుంటూ కిందికి దిగాం. పైన ఎన్నిసార్లు తిరిగానో కానీ, కింద నుంచి ఆ కమానులను చూడడం నాకు అదే మొదటిసారి. మాలాంటివాళ్లు ఎవరూ కిందికి దిగేవాళ్లు కాదు, ముళ్లని. కమానుకు ఒక ఫోటో, ఆఖరుది మొత్తం వంతెనకు అని లెక్క పెట్టుకున్నాడు. ఒక్కోదాని ముందు స్టాండు పెట్టించి, వెళ్లి రాతి మీద అరచెయ్యి ఆనించి వచ్చేవాడు. ఆ తర్వాత నీడ జరిగేదాకా ఆగేవాడు. అరగంట, ఒక్కోసారి గంట. నాకు విసుగొచ్చింది.

"తీయరాదు చాచా, ఎండ దంచుతున్నది."

"ఎండ దంచుతెనే నీడ పడేది. కూసో."

పొద్దున దిగినవాళ్లం సాయంత్రం ఎక్కాం. పన్నెండో ఫోటో తీశాక రీలు చుట్టి, నాలుకతో తడిపి కాగితం అంటించి, జేబులో వేసుకుని జేబు మీద చెయ్యి పెట్టుకునే ఇంటికి వచ్చి, దాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాడు.

మూడో రోజు మిషన్లు వచ్చాయి. సాంచాల చప్పుడు మధ్య కూడా ఆ దెబ్బలు మా ఇంటికి వినబడేవి. చాచా చూడడానికి వెళ్లలేదు. రీలు కడిగే మందు హైదరాబాద్ నుంచి రావాలి, దాని కోసం కాచుకున్నాడు. వారంలో వాగు మీద కొత్త వంతెన ఒక్కటే మిగిలింది. ఇక పాత వంతెన ఉన్నది ఫ్రిజ్‌లో, పాలగిన్నె పక్కన.

ఫలితాలు వచ్చిన రోజు నేను కోరుట్లలో ఉన్నాను. చిన్నమ్మ కాలు బెణికితే చేదోడుగా వెళ్లాను. పొద్దున పదకొండుకు ఫోన్‌లో నా నంబర్ కొట్టి చూసి ఎంత గట్టిగా అరిచానంటే చిన్నమ్మ కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే?"

"పాసైన చిన్నమ్మా! ఫస్ట్ క్లాసు!"

"గంతేనా? నేను పాము కరిచిందనుకున్న" అని మంచం మీద కూలబడి, తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ బీడీల చాట కింద పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత, "చాచాకు చెప్పినవా?" అంది. చాచాకు చేశాను. మోగింది, ఎత్తలేదు. వెంటనే బస్సెక్కాను. చందుర్తి దాటాక మళ్లీ చేశాను, ఎత్తలేదు. వేములవాడలో బస్సు ఆగితే దిగి జిలేబీ కట్టించుకుని మళ్లీ చేశాను. ఎత్తలేదు.

చీకటి గదిలోకి చాచా ఫోన్ తీసుకెళ్లడు, వెలుగొస్తుందని. గల్లాపెట్టె మీద వదిలి వెళ్తాడు. అంతసేపు ఎత్తడం లేదంటే లోపల ఉన్నాడని నాకు తెలియాలి. తెలుసు కూడా. కానీ ఆ బస్సులో నా బుర్రలో ఒకే మాట తిరుగుతోంది. నా ఫోటోలన్నీ తీసిన మనిషికి ఈ మాట ఎదురుగా నిలబడి చెప్పాలి.

స్టూడియోకు పరుగున వచ్చాను. షాపులో ఎవరూ లేరు. వెనక గది గడపకు అడ్డంగా చెప్పులు ఉన్నాయి.

చూశాను. ఈ మాట రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. చెప్పులు చూశాను. ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. వాటిని కాలితో గోడ పక్కకు జరిపి, తలుపు తోసి, "చాచా, పాసైన!" అని అరిచాను.

ఆయన గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ ఛాతీ ఎత్తున ఉన్నాయి. కాగితం విడదీసిన రీలు ఆ చేతుల్లోంచి వేలాడుతోంది. నా వెనక నుంచి మధ్యాహ్నపు వెలుగు ఆయన వీపు మీద, చేతుల మీద, దాని మీద పడింది.

"తలుపు" అన్నాడు. గట్టిగా అనలేదు.

మూశాను. బయటికి వెళ్లి మూయాలని తోచక లోపలే ఉండి మూశాను. ఇద్దరం చీకట్లో నిలబడ్డాం. జిలేబీ వాసన, మందు వాసన. ఆయన చేతుల్లో రీలు కదులుతున్న చప్పుడు వినబడింది. అయినా చుడుతూనే ఉన్నాడు.

"ఫస్ట్ క్లాసా?" అని అడిగాడు చీకట్లోంచి.

"అవును చాచా."

"షాబాష్" అన్నాడు.

రీలును కడిగే డబ్బాలో పెట్టి, మూత బిగించాక బయటికి వచ్చాడు. గోడ పక్కన పడి ఉన్న చెప్పులు చూశాడు.

"అడ్డం వెట్టలేనా నేను?"

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ ఆ రోజు నేను ఫస్ట్ క్లాసులో పాసైన అమ్మాయిని. ఆ ఒక్కరోజైనా తప్పు చేసిన మనిషిగా ఉండాలనిపించలేదు.

"గోడ పక్కకే ఉండె చాచా" అన్నాను.

చాలాసేపు వాటి వైపే చూశాడు. "పెట్టిన అనుకున్న" అన్నాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టి మళ్లీ అదే అన్నాడు. "పెట్టిన అనుకున్న బిడ్డా."

అయినా పద్ధతి ప్రకారం రీలు మొత్తం కడిగాడు. మందు పోశాడు, గడియారం చూశాడు, నీళ్లు మార్చాడు. తీసి కిటికీకి ఎదురుగా పట్టాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్లగా ఉంది. ఒక్క కమాను లేదు, ఒక్క రాయి లేదు. దాన్ని క్లిప్పు పెట్టి తీగకు ఆరేశాడు, మంచి రీలును ఆరేసినట్టే. ఆ తర్వాత జిలేబీ తిన్నాడు. సాయంత్రం గల్లీలో ప్రతి ఇంటికీ వెళ్లి, "మన పొల్ల డిగ్రీ పాసైంది" అని చెప్పి వచ్చాడు.

నేను బీఈడీ చేశాను. జగిత్యాలలో బడి పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్తున్నాను. ఆదివారాలు ఇంటికి వస్తాను. వచ్చినప్పుడల్లా చాచా కొద్దికొద్దిగా మారడం చూశాను. షట్టర్‌కు తాళం వేసి, పది అడుగులు వెళ్లి, తిరిగొచ్చి లాగి చూసేవాడు. స్కూటర్ అమ్మేశాడు. పెళ్లి ఫోటోలు ఒప్పుకోవడం మానేశాడు. "ఏదన్న ఒకటి మరిసిపోత, మందికి పెండ్లి మల్ల జరుగదు గదా" అనేవాడు. వెనక గదిలోని సామాను పాతసామాన్లవాడికి ఇచ్చేసి, అక్కడ చాచీ బియ్యం డ్రమ్ము పెట్టించాడు. వయసు మీద పడిందనుకున్నాను. అనుకున్నాను కాదు, అలా అనుకోవడం నాకు వీలుగా ఉండింది.

పోయిన నెల చాచీ మా ఇంటికి కరివేపాకు కోసం వచ్చింది. మాటల్లో అమ్మతో అంది. నేను పక్కనే ఉన్నాను.

"ఆ రీలు ఖరాబైన దినం సంది గిట్లనే. చెప్పులు అడ్డం పెట్టిన అని పక్కా యాదికున్నది, కాని పెట్టలేదు, నా దిమాక్ పోయింది అంటడు. కరీంనగర్ల పెద్ద డాక్టర్‌కు చూపెట్టినం. ఏం లేదు, మంచిగనే ఉన్నవ్ అన్నడు. డాక్టర్‌కేం తెలుసు, నా చెప్పులు నాకు తెలుసు అంటడు. నమ్మడు."

కరివేపాకు తీసుకుని ఆమె బయలుదేరింది. వెనకాలే నేనూ వెళ్లాను.

చాచా కౌంటర్ దగ్గర కూర్చుని పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు కత్తిరిస్తున్నాడు. కూర్చోకుండానే చెప్పాను. ఇంకోలా ఎలా చెప్పాలో తెలియలేదు.

"చాచా, ఆ దినం చెప్పులు గడపకు అడ్డమే ఉండె. నేనే కాలుతోని జరిపిన."

కత్తెర ఆగింది.

"మల్ల చెప్పు."

మళ్లీ చెప్పాను.

"సరిగ్గ అడ్డం ఉండెనా? రెండు చెప్పులా?"

"రెండు."

నా ముఖంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి, "ఏమేయ్, ఇన్నవా? పెట్టిననట! రెండు పెట్టిననట!" అని కేక వేశాడు. ఆ గొంతు నాకు తెలుసు. ఆ రోజు తలుపు తోసినప్పుడు నా గొంతు అలాగే ఉంది.

చాచీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయనను చూసింది, నన్ను చూసింది. "నాలుగేండ్లు బిడ్డా" అంది. ఆ ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయింది.  ఒక్క నిమిషం సిగ్గుపడి ఉంటే సరిపోయేది. దాని బదులు ఒక మనిషిని తన మీద తనకే నమ్మకం లేకుండా నాలుగేళ్లు బతకనిచ్చాను. ఆయన బుర్ర మంచిగా ఉందని తెలిసిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే. జగిత్యాలలో పిల్లలకు చరిత్ర చెప్తూ ఆ సంగతిని నా దగ్గరే దాచుకున్నాను.

చాచాకు అదేమీ పట్టలేదు. ఫోటోలు పక్కకు నెట్టి, కౌంటర్ మీద వేళ్లు పెట్టాడు.

"అంటే యాదికున్నయన్ని నిజమే. ఆగు, చెప్త చూడు. మొదటి కమానుకు సున్నం పూసి ఉండె, పిల్లగాండ్లు పేర్లు గీకిండ్రు. రెండోదాంట్ల నడిమిట్ల ఒక రాయి బయటికి అచ్చి ఉండె. మూడోదాంట్ల సందుల యాప మొలక. గంతే, బెత్తెడు. నాలుగోది సాఫ్. ఐదోది పొగకు నల్లగైంది, దాని కింద బట్టలు ఉడకవెట్టేది. ఆరోదాంట్ల తేనెతుట్టె ఉండె, నువ్వు భయపడ్డవ్."

నేను తల ఊపాను. తేనెతుట్టె నాకూ గుర్తుంది. ఆయన ముఖం వెలుగుతోంది. నాలుగేళ్లలో అంత సంతోషంగా ఆయనను చూడలేదు.

ఏడో వేలు పెట్టాడు.

"ఏడోది..."

ఆగాడు. వేలితో కౌంటర్ మీద మెల్లగా కొట్టాడు.

"ఏడోది ఎట్లుండె?"

ఆ రోజు పొద్దంతా ఆయన పక్కనే ఉన్నాను. ఏడో కమాను ముందు స్టాండు పాతింది నేనే. గంటసేపు అక్కడే కూర్చున్నాను. ఎండ గుర్తుంది, కాలికి గుచ్చుకున్న ముల్లు గుర్తుంది. కమాను గుర్తు లేదు. ఫోన్ తీసి చూశాను. పాత వంతెన మీద దిగిన ఫోటోలు ముప్పైకి పైనే ఉన్నాయి. అన్నింట్లోనూ పిట్టగోడ, దాని ముందు నేను. ఆ కమానును కింద నుంచి చూసి పెట్టుకున్నది లోకంలో ఒకే ఒక్క రీలు.

పాస్‌పోర్ట్ ఫోటో కోసం ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చాచా లేవలేదు. చాచీ వచ్చి వాళ్లను లోపల స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆయన వేలు అక్కడే ఉంది. నేనేదో అనబోతున్నాననుకుని రెండో చెయ్యి ఎత్తాడు.

"ఉండు, చెప్పకు" అన్నాడు, కళ్లు మూసుకుని.

నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.